ఆదివారం ఫోన్ ఎత్తేది నేనే

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమేనని రాయడం వాడుక కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదివాక ఆ మాట మీరే కొట్టేయండి. ఒక్క సంగతి, ఈ ఉత్తరం వంతెన మీద నిలబడి చదవకండి. కిందికి దిగి, మీ గదిలో కూర్చుని చదవండి.

రెండో వైపు కూడా వెల్డింగ్ మొదలైందని రాశారు, సంతోషం. కళ్ళకు అద్దాలు లేకుండా పని చేస్తున్నారని తెలిస్తే మాత్రం ఊరుకోను. వంటింటి కొళాయి కారడం ఆగిందా అని అడిగారు. ఆగలేదు. చెల్లి దానికి గుడ్డ చుట్టి, కింద బకెట్ పెట్టి, బాగుచేసేశానని మురిసిపోతోంది. లాండ్రీలో నా చోట ఇంకా ఎవరినీ పెట్టుకోలేదు. ఇస్త్రీ మిషన్ల మోతను మించి కేక వేసే మనిషి లేక దుప్పట్లన్నీ తారుమారవుతున్నాయని మేనేజరు వాపోయాడట. మీరు నాకు మైకు అని పేరు పెట్టింది ఊరికే కాదు కదా.

ఏం తింటున్నావని మరీ మరీ అడిగారు. ఏమీ తినడం లేదండీ. పొట్టకు పెట్టిన గొట్టంలో చెల్లి పాలలాంటిదేదో పోస్తుంది. నాలుకకు తెలియకుండానే కడుపు నిండుతుంది.

గొంతులో చిన్న గడ్డ, తీసేస్తారు అని మీకు చెప్పాను. అది చిన్నదీ కాదు, ఉత్త గడ్డా కాదు. క్యాన్సరు. మింగిన ముద్ద కిందికి దిగే దారి మొదట్లోనే పట్టుకుంది. ఆ భాగమంతా తీసేయక తప్పదన్నాడు సర్జన్.

"నీ చిన్నపేగులోంచి జానెడు ముక్క తీసి, అక్కడ గొట్టంలా కుడతామమ్మా. మెడలో రక్తనాళాలకు కలిపితే అది అక్కడే బతుకుతుంది," అన్నాడు.

"చోటు మారిందని పేగుకి తెలుస్తుందా డాక్టరుగారూ?"

"తెలియదు. అక్కడ కూడా మెలికలు తిరుగుతూ తన పని తాను చేసుకుపోతుంది."

"అయితే అత్తారింట్లో నాకంటే బుద్ధిగా ఉంటుందన్నమాట," అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. అప్పటికి నాకూ నవ్వులాటగానే ఉంది.

లోపల పేగు బతికుందో లేదో బయటికి తెలియదు కదా. అందుకని దాని కొస వేలెడంత మెడ బయట వదిలేశారు. నర్సు గంటగంటకూ కట్టు ఎత్తి, టార్చి వేసి చూసేది. ఎర్రగా ఉంటే లోపలిది బతికున్నట్టు. "చక్కగా ఉందమ్మా, మంచి రంగు," అనేది, పసిపిల్ల గురించి చెబుతున్నట్టు. నేను ఆశగా ఆమె మొహమే చూసేదాన్ని. మూడో రోజు పొద్దున కట్టు ఎత్తి, టార్చి ఆర్పకుండానే సర్జన్ కోసం పరుగెత్తింది.

నల్లబడిపోయింది. నాళంలో రక్తం గడ్డకట్టిందట. మళ్ళీ బల్ల ఎక్కించి ఆ ముక్కను తీసిపారేశారు. ఇప్పుడు నా గొంతులో దారే లేదు. ఉమ్మి కూడా మెడ పక్క నుంచి బయటికి వస్తుంది, తుడుచుకుంటూ కూర్చుంటాను. ఇంకో ముక్క తీసి పెడదామంటున్నాడు సర్జన్. అదీ నల్లబడితే ఇక జన్మలో గుక్కెడు నీళ్ళు మింగేది లేదు. ఒప్పుకోమని చెల్లి రోజూ పోరుతోంది. నేను తల ఊపలేదు. నాకు ఓపిక లేదండీ. బతకాలనీ లేదు. ఈ మాట దానికి కూడా చెప్పలేదు.

ఇంకా అసలు సంగతి చెప్పనే లేదు. మొదటి ఆపరేషన్‌లోనే, పేగు పెట్టడానికి ముందు, నా స్వరపేటిక తీసేశారు. మెడ కింద రంధ్రం చేశారు, ఊపిరి అందులోంచే. నాకు గొంతు లేదు.

మరి ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుతున్నది ఎవరంటారా? చెల్లి. మా ఇద్దరి గొంతూ ఒకేలా ఉండి పెళ్ళైన కొత్తలో మీరు ఎన్నిసార్లు పొరబడలేదు! అంత ఎత్తున ఇనుప దూలం మీద నిలబడే మనిషికి ఈ కబురు తెలిస్తే కాలు నిలవదని, నేనే దాన్ని బతిమాలాను. నేను పక్కన కూర్చుని పలక మీద రాసిస్తే అది చదివేది. ఒకసారి "బావా" అనేసి, దగ్గు వచ్చినట్టు నటించింది. మీకు ఏ అనుమానమూ రాలేదు. పైగా "ఆపరేషన్ అయ్యాక నీ గొంతు మెత్తబడింది, కసరడం మానేశావు, ఇలాగే బాగుంది" అని రాశారు. అది చదివి ఎంత ఏడ్చానో. నా ఏడుపుకి ఇప్పుడు చప్పుడు కూడా లేదు.

చెల్లిని ఏమీ అనకండి. మొన్న ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు మీరేదో అన్నారు. ఫోన్ దాని చెవి దగ్గరే ఉంది, నాకు వినపడలేదు. దాని మొహం ఎర్రబడింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి. "సరేనండీ" అని పెట్టేసింది. ఏమన్నారని పలక మీద రాసి చూపిస్తే, పలక లాక్కుని బోర్లించింది.

"అది నాతో అన్న మాట కాదక్కా. నా నోటితో చెప్పలేను. బావ నోటే నువ్వు వినాలి. ఇక ఈ నాటకం నా వల్ల కాదు," అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఇంకొకరి కళ్ళు నిండేంత మాట మీ నోట ఎప్పుడూ వినలేదు. తీరా అన్ననాడు అది నాకు దక్కలేదు.

ఈ ఉత్తరాన్ని మీ వంతెనకు వెళ్ళే సామాన్ల లారీలో పంపుతున్నాను, శుక్రవారానికి మీకు చేరుతుంది. ఈ ఆదివారం ఫోన్ ఎత్తేది నేనే. ఇటు నుంచి మాట వినపడదు. లైను పోయిందని విసుక్కుని పెట్టేయకండి, మీకు అసలే ఓపిక తక్కువ. బుస్సుమని గాలి చప్పుడు వినిపిస్తుంది. అది నేను. ఆ మాట మళ్ళీ ఒక్కసారి నాతో అనండి. సర్జన్‌కి ఏం చెప్పాలో సోమవారం ఆలోచిస్తాను.

ఇట్లు,
మీ భార్య,
ఒకప్పటి మైకు