బూడిద పోసిన గిన్నె

మదనపల్లె,
ఫిబ్రవరి, 1944.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు కృపావతి ప్రభువు పేరిట చేసే వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. కుప్పంలో నువ్వూ కులాసాగా ఉన్నానని రాశావు. ప్రతి ఉత్తరంలోనూ ఉండే మాటే. ఈసారి మాత్రం అది చదివి ఊరుకోలేకపోయాను. ఎందుకో చివర చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

రాగిపిండి అందింది. ఊరగాయ జాడీ మూత బస్సులో పగిలింది గానీ లోపల గుడ్డ కట్టావు కాబట్టి ఊరగాయకేమీ కాలేదు. నా గదిలో ఉండే అమరావతి అప్పుడే సగం ఖాళీ చేసింది. తను వాయల్పాడు పిల్ల, నాతోపాటే నర్సు పని నేర్చుకుంటోంది. "మీయమ్మకు ఇంగో కూతురు కావాల్నేమో అడిగి సూడు" అని రాయమంది. స్వెటరు వేసుకుంటున్నాను. బియ్యం రేషను కదా, హాస్టల్లో ఒక పూటే అన్నం, రెండో పూట సంగటి. అలవాటయింది. ఆదివారం గుడి తప్పడం లేదు.

తెల్లటోపీతో ఫోటో దిగి పంపమన్నావు. దానికి జవాబు పొడుగు. ఈ ఉత్తరం ఇంతకుముందు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

నాన్న బంగారు గనుల్లో పనిచేసేటప్పుడు, నా చిన్నతనంలో, నాకు జ్వరం వచ్చి బతకనన్నారని నువ్వే చెప్పేదానివి. బతికాను. ఆ ఏడు కోతపండుగకు అందరూ గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి గుడిలో అర్పిస్తే, నువ్వు నన్ను తెచ్చి ఆ గుమ్మడికాయల మధ్య కూర్చోబెట్టావు. ఆరాధన అయ్యాక ఆ అర్పణలన్నీ వేలం వేస్తారు కదా, అందులో నన్నూ పెట్టారు. ఇంకెవరూ పాడకుండా నాన్న అందరి వైపూ గుడ్లురుముతూ నిలబడ్డాడట. నన్ను నువ్వే పాడుకున్నావు. "ఈ బిడ్డ దేవుని ఆసుపత్రిలో తెల్లటోపీ పెట్టుకుంటాది" అని సంఘం ముందు మాటిచ్చావు. నాన్న పోయి నువ్వు కుప్పం చేరాక కూడా నన్ను కాన్వెంటు మాన్పించనిది ఆ మాట కోసమే.

అమ్మా, ఆ పని నాకు రోత.

పుండు మీద కట్టు విప్పితే కళ్లు తిరుగుతాయి. వాంతి చేసుకునేవాళ్లకు గిన్నె పట్టమంటే నాకే కడుపులో తిప్పుతుంది. ఒకసారి బేసిను వదిలేసి వసారా చివరిదాకా పరుగెత్తాను. అమరావతి నా మిగిలిన పని కూడా చేసి వచ్చి, "నువ్వు పుస్తకాలకు కట్టు కట్టుకోపో తల్లీ, వాటికి సీము పట్టదు" అంది. నవ్వాను. తర్వాత ఏడ్చాను. కాన్వెంటులో సిస్టర్లు మాకు అన్నీ నేర్పారు గానీ, తుమ్మినా దగ్గినా ముఖం పక్కకు తిప్పుకుని చేతిరుమాలు అడ్డం పెట్టుకోవాలన్నదే నాకు బాగా ఒంటబట్టింది. రోగి దగ్గుతుంటే ఎవరు ముఖం తిప్పుకోవాలో మాత్రం చెప్పలేదు.

పొద్దున నా పని దగ్గు రోగుల దగ్గర కఫం గిన్నెలు అందుకోవడం. ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న జామచెట్టును చూస్తూ చెయ్యి చాపేదాన్ని. చెయ్యి నా మాట వినేది. ముఖం వినేది కాదు.

క్రిస్మస్ వెళ్లాక మేట్రన్ దొరసానమ్మ పిలిపించారు. ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలులోంచి. "నీ చేతులు మంచివి. అయితే నీ ముఖము అబద్ధమాడజాలదు" అన్నారు. కోపంగా అనలేదు. ఆసుపత్రిలో టోపీ పెట్టుకోనివాళ్లకు కూడా పని ఉంటుందని చెప్పారు. మందులు కలిపే గది ఉంది, టైపు కొట్టే గది ఉంది, కఫం పరీక్ష చేసే లాబరేటరీ ఉంది. ఈస్టరు తర్వాత నర్సు పని నేర్చుకున్నవాళ్లకు టోపీలు పెట్టే ఆరాధన, ఆలోగా తేల్చుకోమన్నారు. బయటికి వచ్చాక గంతులేయాలనిపించింది. అంతలోనే గుమ్మడికాయలు గుర్తొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మధ్యాహ్నాలు లాబరేటరీలో కూర్చుని చూడమన్నారు. అక్కడ పనిచేసే జ్ఞానప్రకాశం గారు నెమ్మదైన మనిషి. కఫాన్ని గాజుపలక మీద పలచగా రాసి, రంగు పోసి, కాచి, కడిగి మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. గిన్నెలో చూడలేనిదాన్ని అక్కడ చూడగలిగాను. నీలం మీద ఎర్రటి సన్నని పుల్లలు. నాన్నను తిన్న క్షయ క్రిములు ఇవే. ఆశ్చర్యం, నాకు రోత రాలేదు. కోపం వచ్చింది. అన్నం గంట కూడా వినబడలేదు. "పోయి తినిరామ్మా. అవి యాడికీ పోవు" అని ఆయనే నవ్వారు.

నా చోటు ఇదే అనుకున్నాను. గిన్నెలు ఎవరో తెస్తారు. నేను గాజులో చూస్తాను. రోత అంతా తలుపు అవతల ఉండిపోతుంది.

అలా ఉండిపోలేదు.

ఒక పొద్దున వసారాలోకి మునిరత్నమ్మ అనే ఆమె వచ్చింది. పుంగనూరు అవతల పల్లె, కూలి పని, చంకలో పాలుతాగే బిడ్డ. గిన్నె ఇచ్చి దగ్గి ఉమ్మమన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, గిన్నె తీసుకుని బావివైపు వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి నవ్వుతూ ఇచ్చింది. లోపల తేటగా, నీళ్లలా ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో!

ఆ రోజు జ్ఞానప్రకాశం గారు నిమ్మనపల్లెలో పెళ్లికి వెళ్లారు. ఆమె గాజుపలక నేనే చేశాను. ఎర్ర పుల్లలు ఒక్కటీ లేవు. నలిగిన అప్పడాల్లాంటి పెద్ద పెద్ద రేకులే ఉన్నాయి. అందంగా ఉన్నాయని వాటి బొమ్మ కూడా వేసుకున్నాను. క్రిములు లేవని డాక్టరు గారికి చెప్పాను. ఆయన దగ్గుమందు ఇచ్చి ఆమెను ఇంటికి పంపేశారు.

తర్వాత ఒక సాయంత్రం లాబరేటరీ పుస్తకం చదువుతుంటే ఆ రేకుల బొమ్మే కనబడింది. అవి బుగ్గ లోపలి చర్మం తునకలట. అవే ఉంటే అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన కఫం కాదు, ఉత్త నోటి ఉమ్మి. దానిమీద పరీక్ష చేయకూడదు. పుస్తకం మూసి మేట్రన్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "వెళ్లి ఆమెను అడుగుము" అన్నారు.

పల్లెలు తిరిగి వాక్యం చెప్పే మన మిషను బైబిలు స్త్రీ పాపక్క పుంగనూరు వైపు వెళుతుంటే ఆమెతో పంపారు. పెట్రోలు లేక బస్సులన్నీ బొగ్గు పొగతో నడుపుతున్నారు కదా, ఎత్తు వచ్చినచోటల్లా దింపేసి నడిపించారు. "ఈ బస్సుకూ క్షయే పట్టిండాది, సూడు ఎట్ల దగ్గుతాండాదో" అని పాపక్క అందరినీ నవ్వించింది. నాకు నవ్వు రాలేదు.

మునిరత్నమ్మ గుడిసె ముందు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి లేచి చాప పరిచింది. నేను చాప మీద కూర్చుని ఆమెతోపాటు కాయలు ఒలిచాను. చివరికి, "ఆ రోజు బావి దగ్గరికి ఎందుకు వెళ్లావక్కా?" అని అడిగాను.

"నీ మొగం సూసే పోతిని పాపా" అంది. "సింతకాయ కొరికినట్ల పెట్టుకోనుంటివి. సదువుకున్న బిడ్డ, తెల్లబట్టలు కట్టుకున్న బిడ్డ, ఈ గలీజు నీ సేతిలో యాల పెట్టేదని నోరు బాగా పుక్కిలించుకోని సుబ్రంగా ఉమ్మి తెచ్చిస్తి. యాల, అది సరిపోలేదా?"

పాపక్క నా వైపు చూడలేదు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆమె నాకు చేసింది మర్యాద, అమ్మా. ఆ మర్యాద వల్ల అన్ని రోజులూ ఆ దగ్గుతోనే బిడ్డకు పాలిస్తోంది.

"సరిపోలేదక్కా. ఈసారి లోపల్నించి కావాలి" అని సంచిలోంచి గిన్నె తీశాను. ఆమె గుడిసె వెనక్కి వెళ్లబోయింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. గిన్నె నేనే పట్టాను. దగ్గు మొదలయింది. వింటుంటే నా ముఖం నాకే తెలుస్తోంది.

"అద్దో, మళ్లా పెడతాండావు సూడు!" అంది దగ్గు మధ్యలో నవ్వుతూ.

"పెట్టనీలే అక్కా. అది దానంతట అదే పెడుతుంది. నువ్వు దగ్గు."

ఆ నవ్వుకు దగ్గు ఇంకా లోతునుంచి వచ్చింది. గిన్నె చేతికి బరువు తెలిసింది. మూత పెట్టి పాపక్కకు ఇచ్చి, కంచె అవతలికి వెళ్లి వాంతి చేసుకుని వచ్చాను. మునిరత్నమ్మే చెంబుతో నీళ్లు పోసింది. "రోగం నాకా, నీకా?" అంది.

తిరిగొచ్చి చూస్తే గాజు మీద ఎర్ర పుల్లలు నిండుగా ఉన్నాయి. ఆమె ఇప్పుడు మా ఆడవాళ్ల వార్డులో ఉంది. బిడ్డను అవ్వ దగ్గర ఉంచి మేకపాలు పడుతున్నారు. ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరు గారు కూడా ఏమీ చెప్పడం లేదు.

ఇక నీ ఫోటో సంగతి. టోపీ నేను పెట్టుకోను. లాబరేటరీకి వెళతానని మేట్రన్‌తో చెప్పేశాను, నిన్ను అడగకుండానే. నువ్వు సంఘం ముందు ఇచ్చిన మాటలో ఆసుపత్రి నిలిచింది, టోపీ నిలవలేదు. దేవుడు దాన్ని ఎలా లెక్కిస్తాడో నాకు తెలియదు, నువ్వు ఎలా లెక్కిస్తావో అన్నదే భయం. అయితే మేట్రన్‌ను ఒకటి అడిగి తీసుకున్నాను. గిన్నెలు ఎవరో తేవడం కాదు, పొద్దున వసారాలో నేనే అందుకుంటాను. మనుషులను చూసి నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా ఒక్క వాక్యం బట్టీపట్టి అందరికీ చెబుతున్నాను: "నా మొగం ఇంతే, దాన్ని చూడొద్దు, గట్టిగా దగ్గండి." ముసలమ్మలు నవ్వుతారు. నవ్వితే దగ్గు బాగా వస్తుంది.

ఇప్పుడు చివరి మాట. ఆదివారం గుడిలో నీ బదులు పుష్పమ్మత్త పాట ఎత్తుతోందని రాశావు, గొంతు కాస్త బొంగురుపోయింది, మిరియాల కషాయం తాగుతున్నాను, అంతే అన్నావు. నాన్నను పూడ్చిన మరుసటి ఆదివారం కూడా పాట ఎత్తినది నువ్వే. బొంగురు గొంతుకు నువ్వు మానే మనిషివి కావు. ఎన్నాళ్లుగా దగ్గుతున్నావమ్మా?

నాన్న దగ్గిన తగరపు గిన్నెలో నువ్వు బూడిద పోసి, కొంగు చాటున దొడ్లోకి తీసుకుపోయేదానివి. నేను తొంగిచూస్తే, "ఇది నీకు యాల పాపా, పోయి సదువుకో" అనేదానివి. నేను వెళ్లి చదువుకున్నాను. నా ముఖం చూసే నువ్వు ఆ గిన్నె దాచావని మునిరత్నమ్మ మాటలు వినేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు నీ దగ్గు కూడా అలాగే దాస్తున్నావు.

బయలుదేరి రా. పలమనేరు దాకా బస్సు, అక్కడినుంచి పుంగనూరు మీదుగా ఇంకో బస్సు. టోపీ సంగతి మీద కోపమొస్తే తిట్టడానికైనా రా. వసారాలో తలమీద ఏమీ లేకుండా నిలబడి ఉంటాను. గిన్నె నేనే పడతాను. ముఖం ముడుచుకుంటుంది, నువ్వు చూడకు. వచ్చేముందు నోరు పుక్కిలించుకోకు. బూడిద తేకు.

ఇట్లు,
కోతపండుగ వేలంలో నువ్వు పాడుకున్న కూతురు,
కృపావతి