తోలుకు గడ్డం మొలిచింది

3వ తేదీ, సోమవారం. ఉదయం 9.15

నాన్న కంటి శుక్లాల ఆపరేషన్‌కు బయల్దేరాడు. రెండు వారాలు ఆసుపత్రి దగ్గర మా అత్తయ్య ఇంట్లోనే ఉంటాడు. వెళ్ళే ముందు మా సెలూన్‌లో తన కుర్చీ పక్కన మేకుకు వేలాడే తోలు పట్టీని తీసి నా చేతుల్లో పెట్టాడు. గడ్డం గీసే ముందు కత్తిని దానిమీదే అటూ ఇటూ లాగి పదును తెస్తాడు.

"దీనిమీద దుమ్ము పడకూడదు, తడి తగలకూడదు. నేనొచ్చేసరికి బాగుంటే మళ్ళీ కత్తి పడతా. పాడైందో, కుర్చీ వదిలేస్తా. బ్లేడ్లతో మీ బాబాయే చూసుకుంటాడు."

బాబాయిది పక్క కుర్చీ. గడ్డానికో కొత్త బ్లేడు, అయిపోగానే చెత్తబుట్ట. "ఇంకా ఏ కాలంలో ఉన్నావన్నయ్యా" అంటాడు రోజూ.

నాన్నకు యాభై నాలుగు. కుర్చీ వదిలేస్తే ఏం చేస్తాడు? ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటేనే గిన్నెలన్నీ సైజు ప్రకారం సర్ది అమ్మ చేత తిట్లు తింటాడు.

నా తీర్మానం: రోజూ ఉదయం ఆరింటికి లేచి తోలు తుడవడం. మెత్తటి గుడ్డతో. పైనుంచి కిందికి, ఇరవై సార్లు. ఒక్క రోజు కూడా మానకుండా. డైరీలో రాయడం.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఒక తోలు ముక్కను కాపాడలేనా!

4వ తేదీ, మంగళవారం. 6.00 (అవును, సరిగ్గా ఆరే!)

తుడిచాను. ఇరవై అనుకుంటే నలభై సార్లు. పాత దిండు గలీబుతో తొడుగు కుట్టాను. బొత్తాలు కూడా పెట్టాను.

అమ్మ చూసి, "దానికి జోల కూడా పాడతావా?" అంది.

పాడను. కానీ ఫోన్లో తోలు గురించి మూడు వ్యాసాలు చదివాను.

5వ తేదీ, బుధవారం. 7.10

రాత్రంతా వాన. గోడలు చెమటలు పడుతున్నాయి. తడి! శత్రువు గుమ్మంలోకి వచ్చేసింది!

వెంటనే చర్యలు. ముందు తోలును తడిగుడ్డతో ఒకసారి తుడిచాను, మురికి లోపలే ఉండిపోకూడదు కదా. తర్వాత గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. తేమను బియ్యం పీలుస్తుందని ఎక్కడో చదివాను, నాలుగు గ్లాసుల బియ్యం కూడా పోశాను. మూత బిగించాను. ఇక గాలి కూడా నన్నడిగే లోపలికి వెళ్ళాలి.

11.30. అమ్మ బియ్యం డబ్బా తీసింది. ఆ తర్వాత జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు.

7వ తేదీ, శుక్రవారం

నిన్న రాయలేదు. తుడవనూ లేదు. డబ్బా తెరిస్తే తేమ లోపలికి పోతుంది. కాబట్టి తెరవకపోవడమే అసలైన సంరక్షణ. ఇది బద్ధకం కాదు, పద్ధతి.

ఎనిమిదింటికి లేచాను. తెరవాల్సిన పని లేనప్పుడు ఆరింటికి లేచి ఏం చేయను?

9వ తేదీ, ఆదివారం. 10.20

తెరిచాను. ఎందుకు తెరిచానో!

వాసన. తోలు నిండా తెల్లటి బూజు, మెత్తగా, నురుగులా.

బాబాయి సెలూన్‌కెళ్తూ తొంగి చూశాడు. "ఏమ్మా డిగ్రీ! తోలుకు గడ్డం మొలిచిందే! తీసుకురా, గీసి పెడతా."

తడిగుడ్డ. నేనే. మూసి పెట్టిన డబ్బాలోకి తడిని నా చేతులతో నేనే పంపాను.

10వ తేదీ, సోమవారం

బూజు గీకేశాను. ఎండ వచ్చింది! డాబా మీద పది నిమిషాలు ఆరబెడదామని పెట్టాను. ఇంతలో కాలేజీ స్నేహితురాలు ఫోన్ చేసింది. దానికి పెళ్ళిచూపులట. వచ్చినవాడు ఒక్క మాటా మాట్లాడలేదట, వాడి గురించే మేము మూడు గంటలు మాట్లాడాం.

తోలు ఇప్పుడు అట్టముక్క. వంచితే కిర్రుమంటోంది. నిలబెడితే నిలబడుతోంది.

11వ తేదీ, మంగళవారం. 9.40

నాయనమ్మ సలహా: "ఎండిపోయినదానికి నూనె పెట్టాలే. నా మోకాళ్ళకు పెట్టుకోవట్లేదూ?"

పెట్టాను. ఆవిడ ఒక చెంచా అంది. నేను అరసీసా వంచాను. పాపం, అంత ఎండిపోయింది మరి.

మెత్తబడింది! బాగుపడింది! గాలి తగలాలని సెలూన్‌కు తీసుకెళ్ళి మేకుకు తగిలించాను. కాలేజీకి వెళ్తున్నాను. ఈల వేసుకుంటూ.

సాయంత్రం 5.30

మా సెలూన్‌కు మంగళవారం సెలవు లేదు. బాబాయి పొద్దుటి నుంచి పదకొండు తలలు కత్తిరించాడు. ఫ్యాను ఫుల్ స్పీడు. పదకొండు తలల వెంట్రుకలూ నూనె తోలుకు అతుక్కుపోయాయి. నల్లవి, తెల్లవి, రంగేసినవి. ఆ జంతువు బతికున్నప్పుడు కూడా దాని ఒంటిమీద ఇంత జుట్టు ఉండి ఉండదు.

13వ తేదీ, గురువారం

నాన్న ఫోన్.

"తోలెలా ఉందే?"

"బాగుంది నాన్నా."

"నిజంగా?"

"నిజంగా."

"అలాగా" అని పెట్టేశాడు. సంతోషించాడో లేదో అర్థం కాలేదు. నేను నాన్నతో అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. సరే, ఇంటర్‌లో క్లాసు ఎగ్గొట్టి చూసిన సినిమా సంగతి వదిలేస్తే.

15వ తేదీ, శనివారం

తుడవలేదు. చూడలేదు. బాబాయి బెల్టు తోలుదే కదా, మార్చేస్తే? అడిగాను. "ప్యాంటు నువ్వు పట్టుకుంటావా?" అన్నాడు.

17వ తేదీ, సోమవారం

నాన్న వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు. నేరుగా సెలూన్‌కే.

తోలు తీసి ఆయన చేతిలో పెట్టాను. డబ్బా, బియ్యం, ఎండ, నూనె, వెంట్రుకలు, ఫోన్లో అబద్ధం, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను కూడా.

నాన్న తోలును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగేలా.

"ఇంత దారుణంగా పాడు చేస్తావనుకోలేదే! ఏదో కొంచెం పాడవుతుందనుకున్నా."

"అంటే?"

"పాడవ్వాలనే నీకిచ్చా. మీ అమ్మకిస్తే బాగా చూసుకుంటుంది." నవ్వు ఆగిపోయింది. "కన్ను బాగవకపోతే ఎవరి గొంతైనా తెగుతుందని భయం. భయపడ్డానని చెప్పుకోలేను కదా. తోలు పోయింది, మానేశానంటే మర్యాదగా ఉంటుందనుకున్నా. నువ్వేమో ఫోన్లో బాగుందన్నావు. ఆ రోజు నుంచి నిద్ర లేదు నాకు."

బాబాయి మెల్లగా తన బ్లేడు కత్తి తీసి నాన్న ముందు పెట్టాడు. "పోనీలే అన్నయ్యా. ఇది పట్టుకో. దీనికి తోలూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు."

నాన్న దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. సొరుగు లాగి తన పాత కత్తి తెరిచాడు. ఎడమ అరచెయ్యి చాపి, దానిమీద కత్తిని లాగాడు. అటు, ఇటు. చప్పుడే లేదు.

"కూర్చోరా" అన్నాడు బాబాయితో.

"నేనా? నిన్నేగా గీసుకున్నా!"

"కూర్చో."

"అన్నయ్యా, ఇంకా అద్దాలు కూడా తియ్యలేదు నువ్వు..."

అద్దాలు తీశాడు. బాబాయి కూర్చున్నాడు. కుర్చీ చేతుల్ని ఎలా పట్టుకున్నాడంటే, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు. నురుగు. కత్తి. గొంతు దగ్గర బాబాయి గుటక కూడా వేయలేదు.

ఒక్క గాటు లేదు.

నాన్న కత్తి తుడిచి మడిచాడు. "కొత్త తోలు తెస్తా. కొత్తది గట్టిగా ఉంటుంది. రోజూ అరచేత్తో రుద్దితేనే దారికొస్తుంది, మూణ్ణెల్లు పడుతుంది. రుద్దేది నువ్వే."

"మళ్ళీ నాకా!"

"చెడగొట్టడంలో ఇక నేర్చుకోవాల్సింది ఏమీ లేదుగా నీకు."

18వ తేదీ, మంగళవారం. 7.50

ఆరింటికి అలారం పెట్టాను. మోగింది. అది మోగిందనడానికి ఇంట్లో నేను తప్ప అందరూ సాక్షులే.

సెలూన్‌కు పరిగెత్తాను. అప్పటికే ఇద్దరికి గడ్డాలు అయిపోయాయి. నాన్న ఎడమ అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. నేను చూస్తున్నానని జేబులో పెట్టుకున్నాడు. నేను రుద్దని ప్రతి రోజూ ఆ చెయ్యే అరుగుతుంది.

నాన్న నిన్న సాయంత్రమే తెచ్చిన కొత్త తోలు ముందు కూర్చుని రుద్దాను. ఇరవై సార్లు అన్నాడు, వంద రుద్దాను. నా చెయ్యీ ఎర్రబడింది. బాగుంది.

కొత్త తీర్మానం: రేపు ఆరింటికి. ఒక్క నిమిషం దాటనివ్వను.

ఆరున్నర లోపు.

వాన పడితే ఏడు.