ఐదు గరిజెలు

మా ఇంటి బంగారం వర్షితకు, కొత్తకోట నుంచి బాపు దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, అమ్మ, అవ్వ బాగానే ఉన్నాం. కుంటుతున్న మేకపిల్ల కూడా నిన్నటి నుంచి నాలుగు కాళ్ల మీద నడుస్తోంది. తిరగబెట్టిన జ్వరం పూర్తిగా తగ్గిందని రాశావు. ఆ ఒక్క మాట మూడుసార్లు చదివాను.

నీ ఉత్తరాలకు ఎప్పుడూ ఫోన్‌లోనే జవాబు చెప్పే బాపు ఈసారి కాగితం పట్టుకున్నాడేమిటని అనుకుంటావు. హాస్టల్ ఫోన్ దగ్గర నీ వెనక పదిమంది పిల్లలు నిలబడి ఉంటారు. నేను చెప్పాల్సింది అంతమందిలో చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవి. అమ్మకు నడుం నొప్పి తగ్గింది, మళ్లీ పత్తి ఏరడానికి పోతోంది. నీ సైకిల్‌కు కొత్త ట్యూబు వేశాను. పంక్చర్ దుకాణం వాడి కూతురి సైకిల్‌కే గాలి ఉండదని ఇక నువ్వు ఎత్తిపొడవక్కర్లేదు. నా బరువెంతని అడిగావు. అది కాస్త ఆగి చెబుతాను.

పక్కన రామచంద్రయ్య మిఠాయి దుకాణం ఇంకా అట్లాగే ఉంది. సాయంత్రం నాలుగు కాగానే జిలేబీల మూకుడు పొయ్యి మీద పెడతాడు. ఆ వాసనంతా నా దుకాణంలోకే వస్తుంది. “ఓ దశరథూ, గీ ఒక్కటి తిని పో, ఎవలు జూస్తరు?” అని పిలిచేవాడు. నేను టైరు వైపు తిరిగి కూర్చునేవాణ్ని. ఎనిమిది నెలలు ఒక్క ముక్క ముట్టలేదు బిడ్డా. నూట నాలుగు కిలోల మనిషిని ఎనభై ఆరుకు దిగాను. మొదట్లో భీమయ్య వడ్ల కాంటా ఎక్కితే “సంచి బరువు తీసెయ్యాల్నా?” అని నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు. ఇదంతా నిజం.

ఇదంతా నీ వల్లే జరిగింది కూడా. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ నా షుగర్ అంచు మీద ఉందని, మోకాళ్లు అరిగాయని, బరువు తగ్గకపోతే ఇక గొంతుకూర్చుని టైర్లు విప్పలేనని చెప్పిన రోజు గుర్తుందా? వరండాలోకి రాగానే నా చెయ్యి లాగి నీ తల మీద పెట్టుకున్నావు. “తీపి ముట్టనని ఒట్టెయ్ బాపు. నువ్వు ముట్టనన్ని దినాలు నేను గూడ ముట్ట. నీ తలకాయ మీద ఒట్టు,” అన్నావు. హాస్టల్‌లో ఆదివారం పాయసం పక్క పిల్ల గ్లాసులో పోస్తున్నావని మీ వార్డెన్ మేడం చెప్పినప్పుడు గర్వంగా విన్నాను. ఇప్పుడు ఆ గర్వం తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం చివర రాశావు కదా, “అవ్వ గరిజెలు చాయల నానవెట్టుకొని తిన్నదట. అవ్వ చెప్తాంటె నేనే తిన్నట్టనిపించింది బాపు” అని. ఆ మాట చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

అవ్వ తినలేదమ్మా. ఆ గరిజెలు ఇంటికే రాలేదు. నేనే తిన్నాను.

పోయిన నెల నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు, నీ దోస్తు గ్లోరీ వాళ్ల అక్క పెండ్లి గరిజెలు, నీ వంతు ఐదు, నువ్వు నోట పెట్టకుండా స్టీలు డబ్బాలో పెట్టి “అవ్వకియ్యి బాపు” అని నా చేతికిచ్చావు. ఆలంపూర్ చౌరస్తాలో బస్సెక్కి డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. మూత సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని తీశాను. అది కూడా అబద్ధమే, వాసన చూద్దామనే తీశాను. కొబ్బరి, నువ్వులు, బెల్లం. ఎర్రవల్లి రాకముందే ఒకటి అయిపోయింది. బీచుపల్లి వంతెన మీద అందరూ కృష్ణమ్మకు దండం పెడుతున్నారు. నేను పెట్టలేకపోయాను, చేతిలో మూడోది ఉంది. పెబ్బేరు వచ్చేసరికి డబ్బా ఖాళీ. కొత్తకోట బస్టాండు నల్లా దగ్గర కడిగి, దుకాణంలో పాత ట్యూబుల కింద దాచాను.

ఆ వారమే నువ్వు ఫోన్ చేసి గరిజెలెట్లున్నాయని అవ్వను అడిగావు. అవ్వ నా ముఖం వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. “తిన్న బిడ్డా, చాయల నానవెట్టుకొని తిన్న. మస్తుగున్నయి. ఆ పిల్ల తల్లి కడుపు సల్లగుండ,” అంది. ఫోన్ పెట్టేశాక “ఎన్నుండెరా?” అని మాత్రం అడిగింది.

“ఐదు.”

“ఒక్కటన్న ఉంచకపోతివి కొడకా. బిడ్డ కండ్లల్ల నువ్వు పల్చనగావద్దని గీ వయసుల బొంకిన.”

తిట్టి ఉంటే బాగుండేది. ఒట్టు ఎట్లాగూ తెగింది, ఇంకెందుకీ కాపలా అని మర్నాడు రామచంద్రయ్య పిలవకముందే పోయి కూర్చున్నాను. నెల రోజులు రోజూ పోయాను. నువ్వడిగిన బరువు ఇదీ: తొంభై ఒకటి. మోకాళ్లు మళ్లీ పట్టేస్తున్నాయి.

ఇంకొకటి. నీకు మొదట జ్వరం వచ్చింది నేను బస్సులో వచ్చిన మర్నాడే. నీ తల మీద వేసిన ఒట్టు నేను తెంపాను, నీకు ఒళ్లు కాలింది. మీ సైన్సు సారు వింటే నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అవ్వకు చెప్పుకుంటే “నువ్వు తింటె పోరికెందుకొస్తది జరం? ముందు ఆ పోరిని ఒట్టు తీసి గట్టు మీద పెట్టుమని రాయి. ఎన్నొద్దులు కడుపు మాడ్చుకుంటది?” అంది.

అందుకే రాస్తున్నాను. నేను తిన్న రోజే నీ ఒట్టు తీరిపోయింది, నీకు తెలియనివ్వలేదంతే. ఈ నెల నువ్వు వదిలిన పాయసమంతా నా దొంగతనం ఖాతాలోదే. వచ్చే ఆదివారం గ్లాసు నిండా తాగు. నేను మళ్లీ మొదలుపెట్టాను, ఇవాళ్టికి ఆరు రోజులు. ఈసారి ఎవరి తల మీదా ఒట్టు లేదు, నీ తల మీద అసలే లేదు.

రెండో ఆదివారం వస్తాను. అమ్మ గరిజెలు చేస్తానంది. అదే డబ్బాలో ఐదు పెట్టి తెస్తాను. పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి, దారి పొడుగునా డబ్బా నా ఒళ్లోనే ఉంటుంది. మూతకు తాడు కట్టిస్తానంది అమ్మ, వద్దన్నాను. గేటు దగ్గర నీ చేతికి ఇవ్వగానే, నా ముందే మూత తీసి లెక్కపెట్టుకో బిడ్డా. నేనేమీ అనుకోను.

ఇట్లు,
నీ ముందు తల దించుకున్న
బాపు