పడమటి గోడకు లేత రంగు

సాయికుమారికి, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

ఇక్కడ జింజ్ అనే ఊళ్లో ఓ ఇంటి గోడలకు పైన బిగించిన పాత ఫైబర్ సిమెంటు షీట్లు విప్పుతున్నాం. పడమటి గోడ షీట్ల ముదురు నీలమంతా ఎండకు వెలిసిపోయింది. ఒక్క చోట మాత్రం మనిషి కూర్చున్న ఆకారంలో నీలం నిలిచి ఉంది. అక్కడ పన్నెండేళ్లు చేరగిలబడి కూర్చున్న వాచ్‌మన్ నిరుడు పోయాడట. మధ్యాహ్నం పని ఆపినప్పుడు నేనూ అక్కడే చేరగిలబడ్డాను. గోడంతా కాలుతుంటే అక్కడ చల్లగా ఉంది. తోటి పనివాడు మంగరాజు "లెగరా బాబూ, నీ కొలతకే తీసినట్టుంది!" అని అరిచాడు.

మనింటి పడమటి గోడకు నువ్వు మెచ్చిన ముదురెరుపు వద్దు. లేత రంగు షీట్లే కొను, వేడి పట్టవు. చిట్టికి దగ్గు తగ్గిందా? దానికి నా ముద్దులు.

నీ కన్నబాబు

ఉత్తరం మూలన ఇంకో మాట: ఆ షీటు ఈరోజు విప్పేశాం. దాని వెనకున్న గోడ మీద కూడా ఆ మనిషి ఉన్నాడు.