వేస్ట్ ఫోల్డర్

నవంబర్ 4, మంగళవారం
కంప్యూటర్ ఆన్ కావడానికి ఏడు నిమిషాలు పట్టింది. లోపల టిక్ టిక్‌మని చప్పుడు. ఫ్యాన్‌లో దుమ్మేమోనని తుడిచాను. చప్పుడు పోలేదు.

నా భార్య దీవెనమ్మ పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. చర్చి క్వయర్‌లో పదహారేళ్లు పాడింది. నేను కీబోర్డ్ వాయించేవాణ్ణి, ఇంట్లో ప్రాక్టీసు రికార్డు చేసేవాణ్ణి. ఆవిడ పోయి రెండేళ్లయింది. భయంగా ఉంది.

నవంబర్ 5
రిపేరు షాపు నానాజీ ఇంటికొచ్చి చూశాడు. ఏదో సాఫ్ట్‌వేర్ వేస్తే పసుపు రంగులో హెచ్చరిక వచ్చింది. బ్యాడ్ సెక్టార్లు 8, అంటే డిస్క్‌లో చెడిపోయిన చోట్లట. తప్పు కేబుల్‌దైనా కావచ్చని కొత్తది మార్చాడు. ఎల్లుండి కొత్త డిస్క్ తెస్తాడట. ముందు కాపీ, తరవాతే టెస్టు అన్నాడు. అందాకా ఆన్ చెయ్యొద్దని రెండుసార్లు చెప్పాడు.

నవంబర్ 6, ఉదయం 10
ఆగలేకపోయాను. ఫుల్ స్కాన్ పెట్టాను.

మధ్యాహ్నం 2
64.

సాయంత్రం 6
నమ్మకం కుదరక మళ్లీ పెట్టాను. 212. దీవెనమ్మకీ ఇంతే చేశాను. జబ్బు పడితే విశాఖపట్నం ఆసుపత్రుల చుట్టూ తిప్పి టెస్టు మీద టెస్టు చేయించాను. పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

నవంబర్ 7
నానాజీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కేబుల్ కాదు, డిస్కే పోతోందన్నాడు. అన్నీ రాకపోవచ్చు, ముందు ఏవి కావాలో చెప్పమన్నాడు. పాటలన్నాను. పక్కన వేస్ట్ అని ఇంకో ఫోల్డర్ ఉంది కదా అన్నాడు. అది చెత్త, అక్కర్లేదన్నాను.

143 పాటలూ వచ్చాయి. దేవునికి స్తోత్రం.

నవంబర్ 8
పొద్దున్నుంచి పాటలు విన్నాను. పాడే మనిషి ఉంది. దీవెనమ్మ లేదు.

ఈ పాటలు మా చర్చిలోనే కాదు, మునగపాక సంఘంలో కూడా అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఏటా క్రిస్మస్‌కి పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించి మేమే పంచేవాళ్లం. శుభ్రంగా ఉండాలని దగ్గు, నవ్వు, నన్ను విసుక్కోవడం అన్నీ కోసేసేవాణ్ణి. పాటకి ముందు తీసుకునే ఊపిరి కూడా ఉంచలేదు. ఎంత పనిమంతుణ్ణో. కోసినవన్నీ పడేసింది ఆ వేస్ట్‌లోనే.

నాకు కావలసింది ఆ చెత్త. నానాజీకి ఫోన్ చేశాను.

నవంబర్ 10
డిస్క్ కాసేపు కనబడుతుంది, మాయమవుతుంది. చల్లారనిచ్చి మళ్లీ పెడుతున్నాడు. వేస్ట్‌లో తొమ్మిది వందల పైచిలుకు ఫైళ్లు. ప్రార్థన చేసుకుంటానన్నాను. నానాజీ సింహాచలం మొక్కులున్నవాడు, అయినా లేచి నా పక్కన నిలబడి చేతులు జోడించాడు.

ఒక్కటి వచ్చింది. ఆ తరవాత డిస్క్ తిరగలేదు. ఇంక తిరగదు, మాస్టారూ అన్నాడు. వెళ్లేదాకా నా మొహం చూడలేదు.

నవంబర్ 11
పదకొండు సెకన్లు. స్టూలు జరిపిన చప్పుడు. తరవాత దీవెనమ్మ.

"ఏటండీ, ఇంకా రికార్డవుతోందేటి? ఆపీండి. పొయ్యి మీద అన్నం మాడిపోతాది."

నవంబర్ 12
పొద్దున్నుంచి ఆపమంటూనే ఉంది. ఆపలేదు.

అన్నం మాడింది.