ఇచ్చువారెవరు?

ప్రియమైన అక్కా,

అమ్మాయి పెళ్లి వాయిదా వేయడం లేదు. అబ్బాయిది ఓడ మీద ఉద్యోగం కదా, ఈ సెలవు దాటితే మళ్లీ ఎప్పుడొస్తాడో వాళ్ల కంపెనీకే తెలియాలి. పైగా చర్చిలో మూడు ఆదివారాలూ ప్రకటన చదివేశారు. మూడోది మా ఆయన కూడా విన్నారు. "అభ్యంతరం గలవారు తెలుపవలెను" అనగానే ఆర్గన్ దగ్గర కూచుని, పిల్లవైపు చూసి కావాలనే దగ్గారు. అందరూ నవ్వారు. ఆ వారంలోనే పోయారు.

నేను బాగానే ఉన్నాను. అంటే, ఎలాగూ లేను. పెళ్లి గౌను కుడుతున్నాను. వేలికి సూది దిగితే, రక్తం తెల్లగుడ్డకు అంటకుండా చెయ్యి పక్కకు జరిపాను. నొప్పి పుట్టిందో లేదో చూసుకోలేదు.

మన పిచ్చుకను తండ్రి స్థానంలో ఆయన అన్నగారు, మా బావగారు, పీఠం దాకా నడిపిస్తారు. "ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారెవరు?" అని పాస్టరుగారు అడిగితే, "నేను" అనాలి. తండ్రి లేకపోతే తండ్రి తరఫు మగవాళ్లే అనాలట. పద్ధతట. సరే అన్నాను. ఏదడిగినా సరే అంటున్నాను. కేకు మూడంతస్తులు కావాలా, నాలుగా అంటే దానికీ సరే అన్నాను.

చర్చి గడప తొక్కనని నువ్వు పట్టిన శపథం ఈ ఒక్కసారికి పక్కన పెట్టి రా.

నీ చెల్లి

*

మా పిచ్చి చెల్లికి,

ఒళ్లు మండిపోయింది. ఎవరా బావగారు? పిచ్చుక పుట్టినరోజు ఎప్పుడో చెప్పమను, చూద్దాం. మిషను తొక్కి తొక్కి నడుము విరగ్గొట్టుకున్నది నువ్వు. దాన్ని ఒళ్లో కూచోబెట్టుకుని పాటలు నేర్పింది మా మరిది. ఆయన పోయాడు. నువ్వు బతికే ఉన్నావు కదా? లేక ఆయనతోపాటు నిన్నూ పూడ్చేశారా?

అసలు ఇవ్వడమేమిటి? పిల్లేమన్నా పార్సిలా, ఒకరు సంతకం పెట్టి ఇస్తే ఇంకొకరు సంతకం పెట్టి పుచ్చుకోడానికి? రోజూ మనుషులకు మత్తిచ్చి, కోత అయ్యాక మళ్లీ లేపి కూచోబెట్టే డాక్టరమ్మ అది. నడవలో ఆ కాస్త దూరం ఒక మగవాడి చెయ్యి లేకుండా నడవలేదా?

పద్ధతట! ఎవడో కూచుని రాశాడు, రాసిందాన్ని కొట్టేయొచ్చు. పత్రికలో నేను ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నది దీని గురించే. పిల్లను నువ్వు నడిపించు, "నేను" అని నువ్వు అను. లేదా ఎవరూ ఏమీ అనొద్దు. ఆయనే నడిపిస్తే మాత్రం నేను రాను. బెదిరిస్తోందనుకుంటావా, అనుకో.

వేళకు తింటున్నావా?

కోపంతోనూ ప్రేమతోనూ,
మీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం పట్టుకెళ్లి పాస్టరుగారికి చదివి వినిపించాను. పార్సిలు దగ్గర నవ్వారు. మంచి మనిషే. మీ అక్కగారు చెప్పింది తప్పని నేననను గానీ సంఘ పెద్దలు ఒప్పుకోరమ్మా అన్నారు. సరే అన్నాను.

నీకెలా కావాలే అని పిచ్చుకను అడిగాను. "నాన్న కావాలి" అంది. తర్వాత మేలిముసుగు పొడవు చూసుకుంటూ కూచుంది.

రిహార్సల్లో బావగారు "నేను" అని ఎంత గట్టిగా అన్నారంటే, పైకప్పు దూలాల మీది పావురాలు లేచాయి.

నేను పోట్లాడలేనక్కా. నీకు కోపమన్నా ఉంది. ఉత్తరంలో పెట్టి పంపగలిగేదైతే కాస్త నాకూ పంపమనేదాన్ని. ముందు వరసలో నా పక్కన నీకు చోటు ఉంచుతాను.

నీ చెల్లి

*

చెల్లీ,

రాను. వచ్చి బుద్ధిగా ముందు వరసలో కూచుంటే ఇంతకాలం నేను రాసిందంతా చిత్తుకాగితమే. పాస్టరు మంచి మనిషన్నావు. తప్పని తెలిసీ చేసుకుపోయే మంచివాళ్లతోనే నా పోట్లాటంతా. చెడ్డవాళ్లతోనే అయితే ఎప్పుడో గెలిచేవాళ్లం.

దీనిమీద వ్యాసం మొదలుపెట్టాను. ఏం జరిగిందో వివరంగా రాయి. పిల్లకు నా ముద్దులు.

మీ అక్క

*

అక్కా,

పెళ్లయింది.

ఆర్గన్‌ వాయించడానికి వేరే చర్చి నుంచి ఒకాయన్ని పిలిచారు. వచ్చేసరికి స్టాండు మీద పుస్తకం తెరిచి ఉంది. పెళ్లి పాట మనవాళ్లే తీసిపెట్టారనుకున్నాడు పాపం. అది మీ మరిది శవపేటికను బయటికి తీసుకెళ్లేటప్పుడు పాడిన పాట. ఆ రోజు వాయించడానికి తెరిచిన పుస్తకం ఎవరూ మూయలేదు. ఆ తర్వాత ఆదివారాలు ఉత్త గొంతులతోనే పాడుతున్నారు, ఆర్గన్‌ను ముట్టుకున్నవాళ్లు లేరు.

మొదటి చరణానికే తలలన్నీ తిరిగాయి. ఎలా ఆపుతారు, పిల్ల అప్పటికే నడవలోకి వచ్చేసింది. ఆ పాట నడకే నడిచింది. ఎంత నెమ్మదంటే, గౌను అంచు అంగుళం అంగుళం నా ముందు నుంచి పోయింది. ఒకచోట కుట్టు వంకర పోయింది. నాకు కనబడింది అదొక్కటే.

పాస్టరుగారు అడిగారు, ఇచ్చువారెవరని. బావగారు నోరు తెరిచారు. తమ్ముడి పెట్టె ముందు కొస మోసిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషికి గడ్డం వణికిపోయింది. నావైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా" అన్నారు.

లేచాను. "నేను" అంటాననుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

"మొన్ననే ఇక్కడినుంచి ఒకరిని ఇచ్చానండీ. మళ్లీ ఇవ్వలేను," అన్నాను.

ధైర్యంగా ఏమీ అనలేదక్కా. అడిగిన రంగు గుడ్డ అయిపోయిందని కొట్లో చెప్పినట్టు అన్నాను.

పిచ్చుక ముసుగు వెనక్కి వేసుకుని నా దగ్గరికొచ్చింది. "ఇవ్వకమ్మా. నన్నెవరికీ ఇవ్వకు. పెళ్లి మాత్రం చేసుకోనీ," అంది.

పాస్టరుగారు పుస్తకంలో చాలాసేపు వెతికారు. ఈ జవాబుకు తర్వాతి మాట అందులో లేనట్టుంది, పేజీ తిప్పి ప్రమాణాల్లోకి వెళ్లిపోయారు. సంఘ పెద్దలు ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. తర్వాత విందు, కేకు. ఫోటోలతను నవ్వమంటే నవ్వాను. భలే చెప్పారు, మీ అక్క నేర్పిందా అని ఒకావిడ అడిగింది. కాదన్నాను. అది నీ మాట కాదక్కా. వ్యాసంలో పెట్టకు.

నీకుంచిన చోట్లో చివరికి ఎవరో హ్యాండ్‌బ్యాగు పెట్టుకున్నారు.

నీ చెల్లి

*

చెల్లీ,

నా మాట కాదు, నిజమే. నేను రాసిచ్చి ఉంటే అందులో హక్కులూ చరిత్రా ఉండేవి, పెద్దలు లేచి జవాబు చెప్పేవాళ్లు. నీ మాటకు వాళ్ల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

అయినా పద్ధతి తప్పే. వచ్చే పెళ్లిలో మళ్లీ అదే అడుగుతారు, మళ్లీ ఎవడో ఒకడు "నేను" అంటాడు. నేను రాస్తాను, మానను. నువ్వూ పిల్లా అందులో ఉండరు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తినేస్తోంది. లేచి నిలబడ్డప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నావో రాయలేదు. పక్కన హ్యాండ్‌బ్యాగు ఉందని మాత్రం రాశావు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నేనే తెస్తున్నాను. గుమ్మంలో నా చేతిలోంచే తీసుకుని చదువు, తొందరేం లేదు, నిలబడతాను. లోపలికి రమ్మంటే వస్తాను. ఏడుపొస్తే ఏడువు. రాకపోతే ఊరికే కూచుందాం, వాదించను.

మీ అక్క