పడవ ట్రాలీకి బ్రేకులు

కరీంనగర్,
జూన్ 3, 2025

ప్రియమైన బాపుకు,

వందనాలు. ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తి, "మీ బాపుకు ఏం వినవడ్తలేదు బిడ్డా, చిట్టి రాయి" అంది. సరే, రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు సుత్తెల మోతలో ఉన్న చెవులు, వాటిని మాత్రం ఏమంటాం.

నువ్వు మన వెల్డింగ్ షెడ్డు నాకు అప్పజెప్పి కాగజ్‌నగర్‌లో అత్తమ్మ దగ్గరికి వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. జ్వరం లేదు, దగ్గు లేదు, కానీ అలసట తీరడం లేదు బాపూ. పొద్దున షట్టర్ ఎత్తాలంటేనే చేతులు రావడం లేదు.

కాంట్రాక్టర్ భానుప్రసాద్ పడవ ట్రాలీ ఒకటి చేయమన్నాడు. వానాకాలం వాగులు పొంగితే జైనూర్ అవతలి గూడేల జనాన్ని దాటించే పడవ. ఇంజనుతో కలిపి టన్నున్నర. జీపు వెనక కట్టుకొని కొండల్లో ఘాట్ల మీద తిప్పాలి. బ్రేకుల మాట ఎత్తితే, "జీపుకున్నయ్ గదమ్మా, మళ్ల ట్రాలీకెందుకు?" అంటాడు. టన్నున్నర వెనక నుంచి నెడుతుంటే జీపు బ్రేకులు ఏం ఆపుతాయి? పోనీ కరెంటు బ్రేకులు పెడదామంటే, పడవ దింపేటప్పుడు చక్రాలు నీళ్ళలో మునుగుతాయి. నాలుగు రోజుల్లో పాడవుతాయి.

ఇక మిగిలింది మన పాత పద్ధతే. జీపు నెమ్మదించగానే ట్రాలీ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకు జీపుకు తగిలించే కప్లింగ్ లోపలికి జరిగి బ్రేకులు పడతాయి. కానీ రివర్స్‌లో కూడా అదే తోపు. అప్పుడు బ్రేకులు పట్టేయకుండా కప్లింగ్‌కు అడ్డంగా పిన్ను పెట్టాలి, ముందుకు పోయేటప్పుడు తీసేయాలి, లేకపోతే ట్రాలీ బ్రేకులే పనిచేయవు. ఆ పిన్ను తలుచుకుంటేనే నాకు ముత్యం గుర్తొస్తాడు. మనం చేసిన ట్రాలీని తీసుకుపోతూ, పిన్ను తీయకుండా కెరమెరి ఘాట్ దిగాడనే కదా అతని డ్రైవర్ పని పోయింది. కాలు పోవడం సరేసరి.

ఏ బ్రేకులు పెట్టాలో రాయి.

నీ బిడ్డ,
రెబెకా


కాగజ్‌నగర్,
జూన్ 9

ప్రియమైన బిడ్డ రెబెకాకు,

బాపు దీవెనలు. భానుప్రసాద్ బ్రేకులు వద్దంటే ట్రాలీయే లేదని చెప్పు. నెలనెలా మీసానికి రంగేసుకునే మనిషి, బ్రేకుల దగ్గరే పొదుపు గుర్తొచ్చిందా?

తోపు బ్రేకులే పెట్టు. కానీ పిన్ను వద్దు. రివర్స్ కొట్టగానే లోపలి బ్రేకు షూలు వాటంతట అవే వదిలేసే డ్రమ్ములు ఉంటాయి. ఎంత ఆలస్యమైనా అవే తెప్పించు. మనిషి పెట్టి, మళ్ళీ మనిషే గుర్తుపెట్టుకొని తీయాల్సినదేదీ ఆ ట్రాలీ మీద ఉండొద్దు. డ్రమ్ము అడుగున నీళ్ళు కారిపోయే చిల్లు ఉందో లేదో చూడు. జీపు నుంచి ట్రాలీ ఊడిపోతే బ్రేకులు వేసే తీగ మర్చిపోకు. వాగు దగ్గరికి చేరగానే ట్రాలీని నీళ్ళలోకి దింపొద్దని, అరగంట ఆగమని డ్రైవర్‌కు చెప్పు. వేడి మీదున్న బేరింగులు చన్నీళ్ళు తగిలితే ఆ నీళ్ళను లోపలికి గుంజుకుంటాయి.

ఇంకో మాట. ఈ ట్రాలీని చర్చికి తీసుకుపోకు.

ముత్యం సంగతి ఇప్పుడెందుకు? వేళకు తిను.

మీ బాపు,
ఆశీర్వాదం


కరీంనగర్,
జూన్ 28

ప్రియమైన బాపుకు,

వందనాలు. నువ్వు చెప్పిన డ్రమ్ములు వచ్చాయి, బిగించాను. డ్యాం రోడ్డు మీద ఇసుక బస్తాలు వేసి నడిపి చూశాను. ముందుకు పోతూ ఆపితే పట్టుకుంటున్నాయి, వెనక్కి నెడితే వదిలేస్తున్నాయి. సంతోషించాలి గాని, సంతోషించే ఓపిక కూడా లేదు.

చర్చికి ఎందుకు వద్దన్నావో అర్థం కాలేదు. షెడ్డులో తయారైన ఏ బండినైనా చర్చి ఆవరణలో పెట్టి, పాస్టర్‌గారితో ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెట్టాకే కదా నువ్వు అప్పగించేవాడివి. పాస్టర్‌గారు కూడా అడుగుతున్నారు.

మొన్న ముత్యం వచ్చాడు, చంకలో కర్రతో. "కూసోని జేసే పనేమన్న ఉంటే జెప్పక్కా" అన్నాడు. చాయ్ ఇచ్చాను. తాగుతూ తాగుతూ, "నేను ఆ పిన్నుకు చెయ్యే వెట్టలే అక్కా. చర్చి కాడ బండి తీస్కున్న, ఘాట్ దాక సీదా పోయిన. రివర్స్ కొట్టే పనే వడలే. ఎవ్వలకు జెప్పినా నమ్మలే" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. చెప్పీ చెప్పీ విసిగిపోయినవాడిలా అన్నాడు.

రివర్స్ కొట్టకపోతే పిన్ను ఎందుకు పెడతాడు బాపూ?

రెబెకా


కరీంనగర్,
జూలై 14

బాపూ,

పదహారు రోజులైనా నీ నుంచి జవాబు లేదు. ఈలోగా నాకే అర్థమైంది.

చర్చి గేటు ఇరుకు. సందులో తిప్పుకోవడానికి చోటు లేక ప్రతి బండినీ రివర్స్‌లోనే లోపలికి పెడతాం. ఆ రోజు స్టీరింగ్ మీద ఉన్నది నేను. పిన్ను పెట్టకుండా ఆ ట్రాలీ వెనక్కి పోదు. అంటే పిన్ను పడింది చర్చి గేటు దగ్గరే. ప్రార్థన అయింది, అందరం భోజనాలకు కూర్చున్నాం, ముత్యం వచ్చి బండి తీసుకున్నాడు. ఘాట్ వచ్చేదాకా రోడ్డంతా చదును, జీపు బ్రేకులతోనే గడిచిపోయింది. అతనికేం తెలుస్తుంది?

బండి లోపల పెట్టినదాన్ని నేను. దిగి చూడాల్సింది నేను. నా తప్పుకు అతను రెండేళ్ళుగా మాట పడుతున్నాడు. ఈ ఆదివారం వాళ్ళింటికి పోయి చెప్పేస్తాను. షెడ్డు పేరు పోతుంది, నన్ను క్షమించు.

రెబెకా


కాగజ్‌నగర్,
జూలై 17

నా బంగారు బిడ్డ రెబెకాకు,

ఆగు. ముత్యం ఇంటికి పోకు. నువ్వు స్టీరింగ్ మీద ఉన్నావు, నిజమే. పిన్ను పెట్టింది మాత్రం నేను.

పెట్టి, లోపలికి పోయి, ప్రార్థనలో మోకరించాను. తర్వాత వడ్డన చూసుకున్నాను. ముత్యం బండి ఎక్కే ముందు, "అంతా సూసిన్రా పెద్దసారూ?" అని అడిగాడు బిడ్డా. "ప్రార్థన అయింది, ఇగ ఫికర్ జెయ్యకు, పో" అన్నాను. నా మాట నమ్మి చూసుకోకుండా పోయాడు.

కప్లింగ్‌లో పిన్ను అట్లాగే ఉందని ముత్యం యజమానులు వచ్చి చెప్పినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. ఆ క్షణమే నాకు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ పేరు పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. తప్పు డ్రైవర్‌దే అని వాళ్ళే అంటుంటే తల ఊపాను.

నా చెవులకు ఏమీ కాలేదు. అత్తమ్మతో అబద్ధం ఆడించాను. ఫోనులో నువ్వు ముత్యం పేరెత్తితే నా గొంతు పట్టిస్తుంది. ఉత్తరమైతే చించి మళ్ళీ రాసుకోవచ్చు. ముత్యం వచ్చాడని నువ్వు రాసిన ఉత్తరానికి నాలుగుసార్లు జవాబు రాసి నాలుగుసార్లూ చించాను. నువ్వు ఆ తప్పు నీ మీద వేసుకున్నాక చించడానికి చేతులు రాలేదు. నేను కన్న బిడ్డవు, నాకంటే మంచిదానివి.

జరిగిందంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ముత్యాన్ని పనిలోంచి తీసేసిన వాళ్ళకు అది ఇస్తాను. శనివారం రైలుకు వస్తున్నాను. చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్తాను, కానీ అది తర్వాత. రెండేళ్ళు దేవునితో చెప్పుకున్నాను, భారం తగ్గలేదు. కాలు పోయింది దేవునికి కాదు. స్టేషన్ నుంచి నేరుగా ముత్యం ఇంటికే పోతాను. తిడితే పడతాను, తలుపేసుకుంటే తీసేదాకా బయటే కూర్చుంటాను.

నువ్వు నాతో రావద్దు బిడ్డా. ఒక్కడినే పోవాలి.

మీ బాపు,
ఆశీర్వాదం